అక్క చేతి వంట

సాల్ట్‌హోమ్
20 మే 1951

ఒరేయ్ క్లిఫర్డ్,

క్షేమంగా చేరాను. బస్సులో నా పక్కన కూర్చున్నావిడ దారి పొడుగునా తన మోకాళ్ళ గురించే చెప్పింది. దిగేసరికి ఆ రెండు మోకాళ్ళూ నాకు దగ్గర చుట్టాలైపోయాయి. ఇంటికొచ్చి చూస్తే మిసెస్ లమ్లీ, అదే, పైగదిలో అద్దెకుండే పియానో టీచరమ్మ, నేను లేనన్ని రోజులూ రొట్టె, టీ తోనే గడిపిందట. గుడ్డు ఉడకబెట్టుకోవడం రాని మనిషి డెబ్భై ఏళ్ళు ఎలా బతికిందో నాకు అంతుపట్టదు.

పెంతెకొస్తు సోమవారం చాపెల్ విందు బాగా జరిగింది కదూ. నేను చేసి తెచ్చిన ఎద్దు నాలుక ముందు మిగతావాళ్ళు తెచ్చిన పందితొడ హాము వెలవెలబోయింది, ఒప్పుకో. మన సండే స్కూలు మిస్ టాటర్సాల్ ఎనభై ఒకటో ఏట రెండుసార్లు వేయించుకుంది. "హెట్టీ, ఇది అచ్చం మీ అమ్మ చేతి రుచే" అంది. మీ ఆవిడ మేబెల్ మాత్రం ముట్టలేదు. పళ్ళెం చివరికి జరిపేసిన సంగతి నేను చూశానని చెప్పు. ఎలా చేశావని నన్ను ఆరుగురు అడిగారు. నాలుగు గంటలు ఉడికించాలి, వేడి మీదుండగానే వేళ్ళతో తోలు వలవాలి, గిన్నెలో చుట్టిపెట్టి పైన రెండు ఇస్త్రీపెట్టెల బరువు పెట్టి తెల్లారేదాకా ఉంచాలి. కత్తి పెడితే ముక్క పాడవుతుంది. వేళ్ళు కాలినా సరే, చేత్తోనే వలవాలి. మాంసం ఇంకా రేషను మీదే నడుస్తున్న రోజుల్లో మా కసాయి నాకోసం దాన్ని విడిగా దాచిపెట్టాడు.

నాలాగే బోర్డింగ్ హౌసు నడిపే పక్కింటివాళ్ళు ఈ ఏడు సముద్రానికొచ్చే అతిథులకి ఆల్చిప్పలు వండిపెడుతున్నారు. ఆ వాసనకే నాకు ఒళ్ళు మండుతుంది. వాల్టర్ పోయినప్పటి నుంచీ నా గడప దాటి ఒక్క ఆల్చిప్ప లోపలికి రాలేదు, రాదు. పెళ్ళయిన పది నెలలకే మొగుణ్ణి పొట్టన పెట్టుకున్న తిండి అది. మీ మునిసిపాలిటీ వాళ్ళ చేత ఆల్చిప్పలమ్మిన ఆ జేబెజ్ బండి ఎత్తించేదాకా నేను ఊరుకోలేదు. ఇరవై మూడేళ్ళయినా ఆ కసి తీరలేదు.

కుడిపక్క డొక్కలో ఆ పాత నొప్పి మళ్ళీ వచ్చింది. వెన్న తింటే వస్తుంది, అయినా తింటాను. నా తెల్ల గిన్నె మీ ఇంట్లో ఉండిపోయింది. ఎవరైనా ఇటు వస్తే పంపించు.

నీ అక్క,
హెట్టీ


ఆష్‌గిల్
3 జూన్ 1951

అక్కకి,

నీ గిన్నె భద్రంగా ఉంది. దాన్ని పంపే తీరికే లేదు. ఊళ్ళో టైఫాయిడ్ వచ్చింది. బుధవారం ఒకరు, గురువారం ముగ్గురు, ఇవాళ్టికి తొమ్మిదిమంది. అందరినీ అంటురోగాల ఆస్పత్రికి చేర్చాం. చూడ్డానికి ఎవరినీ లోపలికి రానివ్వరు కనక ఒక్కొక్క రోగికి ఒక నంబరిచ్చి, ఎలా ఉందో సాయంకాలం పేపర్లో వేస్తారు. జనం పేపరు కోసం అరుగుల మీద నిలబడి ఎదురుచూస్తున్నారు. మిస్ టాటర్సాల్ నంబరు ఏడు. నిన్న "పరిస్థితి తీవ్రం" అని వేశారు.

ఇలాంటప్పుడు శానిటరీ ఇన్‌స్పెక్టరు పని ఏమిటో నీకు తెలుసు. ఇంటింటికీ వెళ్ళి మూడు వారాలుగా ఏం తిన్నారో, ఎక్కడ తిన్నారో అడిగి రాసుకోవడం. గుర్తులేదనేవాళ్ళే ఎక్కువ. అయినా ఈ ఉద్యోగంలో ఇరవై ఏళ్ళుగా నాకు ఒకటే నియమం, కళ్ళతో చూడనిదీ చెవులతో విననిదీ కాగితం మీద పెట్టను. మా హెల్త్ ఆఫీసరు డాక్టర్ లీమింగ్ నా కాగితం అయితే రెండోసారి చదవడు.

తొమ్మిదిమందీ చాపెల్ విందుకి వచ్చినవాళ్ళే. పాలు, నీళ్ళు, టీ కాచిన డేగిసా, అన్నీ పరీక్షకి పంపాం. వడ్డించిన వాళ్ళనీ వండినవాళ్ళనీ వరసగా అడుగుతున్నాం. నీ పేరూ ఆ వరసలో ఉంది, అంతే, ఇంకేం లేదు.

ఒక్క మాట చెప్పు. 1917లో అమ్మకి ఈ జ్వరమే వచ్చింది కదా. నీకూ వచ్చిందా? నాకప్పుడు ఏడేళ్ళు. నువ్వు మంచం ఎక్కినట్టు నాకు గుర్తులేదు.

క్లిఫర్డ్


సాల్ట్‌హోమ్
6 జూన్ 1951

క్లిఫర్డ్,

అంతే, ఇంకేం లేదని రాశావు చూడు, ఆ మాటలోనే ఉంది అంతా. ఇన్‌స్పెక్టరుగారికి అక్క వంట మీద అనుమానం వచ్చిందన్నమాట. నా వంటింటి నేల మీద అన్నం పెట్టుకు తినొచ్చు. నా పాలగిన్నెలు మరిగే నీళ్ళతో తప్ప కడగను. మీ చాపెల్ వంటగదిలో ఆ చాకిరీ చేసే మిసెస్ బ్రియర్లీ నా నాలుకని ముక్కలు కోసింది. ఆవిడ కత్తి తుడిచిన గుడ్డ ఎలా ఉందో నేను చూశాను, నువ్వు చూడలేదు.

మిస్ టాటర్సాల్ సంగతి చదివాను. నాకు అక్షరాలు దిద్దించిన చెయ్యి అది. ఎలా ఉందో రోజూ రాయి.

1917 గురించి అడిగావు. అమ్మ మంచం మీద ఉంది, నాన్న యుద్ధంలో ఉన్నాడు, ఇంట్లో ఏడేళ్ళవాడివి నువ్వున్నావు. నాకు పదిహేనేళ్ళు. ఒక వారంపాటు కాళ్ళు ఈడ్చుకుపోయాయి, తల పగిలిపోయింది. నేనూ పడుకుంటే నీకు గంజి ఎవరు కాస్తారు? అందుకని పడుకోలేదు. దాన్ని జ్వరం అంటావో అనవో మీ డాక్టర్ లీమింగ్‌నే అడుగు.

హెట్టీ


ఆష్‌గిల్
11 జూన్ 1951

అక్కకి,

మిస్ టాటర్సాల్ ఆదివారం పొద్దున పోయింది. కొత్త మందు వచ్చిందని అంతా ఆశపడ్డాం, ఇచ్చారు, ఆ వయసుకి పనిచెయ్యలేదు. సాయంకాలం పేపర్లో ఏడో నంబరు లేదు. మేబెల్ ఆ కాలమ్ రెండుసార్లు చదివింది. మొత్తం పంతొమ్మిదిమంది ఇప్పటికి.

కోపం తెచ్చుకోకుండా చదువు. విందుకి చెయ్యి వేసిన పన్నెండు మందికీ ఒక పరీక్ష చెయ్యాలి. నీది మీ ఊరి హెల్త్ డిపార్ట్‌మెంటు వాళ్ళు వచ్చి చెయ్యాల్సింది. వాళ్ళ బండి నీ గుమ్మం ముందు ఆగితే, అందులోనూ అతిథులొచ్చే సీజను మొదలవుతుండగా, నీ వీధంతా ఏమనుకుంటుందో నాకు తెలుసు. అందుకని డాక్టర్ లీమింగ్‌ని బతిమాలుకున్నాను. మా అక్క విషయం నేను చూసుకుంటానని చెప్పాను. ఆయన సరే అన్నాడు.

ఈ ఉత్తరంతో పాటు ఒక రేకు డబ్బా వస్తుంది. అందులో మూడు చిన్న సీసాలు, మూతకి చెంచా ఉంటుంది. మూడు రోజులు, రోజుకొకటి. ఏం చెయ్యాలో చీటీ మీద రాసి ఉంది, నేను రాయలేను. మీ ఇంట్లో ఏ దోషమూ లేదని కాగితం మీద పెట్టుకోవడానికి మాత్రమే ఇది. నీ పేరుండదు, పన్నెండు అన్న నంబరే ఉంటుంది. నామీద దయుంచి పంపు అక్కా.

క్లిఫర్డ్


సాల్ట్‌హోమ్
19 జూన్ 1951

క్లిఫర్డ్,

నీ డబ్బా వెళ్ళింది. మూడు సీసాలూ నిండే వెళ్ళాయి. పోస్టాఫీసులో మిస్టర్ ఫిష్విక్ దాన్ని తూకం వేస్తూ "ఏమిటి మిసెస్ హెట్టీ, తమ్ముడికి కేకు పంపుతున్నారా?" అన్నాడు. ఆయన మా చాపెల్‌లో పెద్ద. అవునన్నాను. నలభై తొమ్మిదేళ్ళలో నన్ను ఇంత సిగ్గుపడేలా చేసినవాడివి నువ్వొక్కడివే. నిన్ను పెంచినందుకు ఇది నాకు దక్కిన బహుమానం.

ఇంక ఆ మాట మన మధ్య రాకూడదు. మిస్ టాటర్సాల్ సమాధి మీద పెట్టమని మా పెరట్లో పూలు కోసి బస్సు కండక్టరు చేతికిచ్చాను, అందాయా?

హెట్టీ


ఆష్‌గిల్
30 జూన్ 1951

అక్కకి,

పన్నెండో నంబరులో ఏమీ లేదు. మూడు సీసాలూ శుభ్రం. ఫలితం రాగానే నేను టౌన్ హాలు మెట్ల మీదే కూర్చుండిపోయాను. ఈ మూడు వారాలూ నాకు తిండి సయించలేదు. మేబెల్‌కి కూడా చెప్పలేదు.

ఒక చిన్న సంగతి నీకు తప్ప ఎవరికీ చెప్పలేను. ఆ ఫారం మీద "నా సమక్షంలో తీసుకున్నది" అని ఒక గడి ఉంటుంది. అక్కడ సంతకం లేకపోతే చెల్లదు. పెట్టాను. నువ్వు సాల్ట్‌హోమ్‌లో నింపింది నా సమక్షంలో ఎలా అవుతుంది? కానీ నువ్వు నా అక్కవి కదా అనుకున్నాను.

పూలు అందాయి. పాపం మిసెస్ బ్రియర్లీ సంగతే బాగాలేదు. ఆవిడ పరీక్ష కూడా శుభ్రంగానే వచ్చింది. అయినా నాలుక ముక్కలు కోసింది ఆవిడేనని ఊరంతా పట్టుకుంది. మిగిలిన పదకొండు మందిలోనూ ఏమీ దొరక్కపోయేసరికి అనుమానమంతా ఆవిడ నెత్తిన పడింది. మొన్న ఆదివారం చాపెల్‌లో ఆవిడ కూర్చున్న బల్ల మీద ఇంకెవరూ కూర్చోలేదు. ఎదుటి బల్ల కూడా ఖాళీ. ప్రార్థన మధ్యలో లేచి వెళ్ళిపోయింది. చాపెల్ పని కూడా మానేసిందట. మొత్తం ఇరవై ముగ్గురు జబ్బుపడ్డారు, ఇద్దరు పోయారు. వారం రోజులుగా కొత్తగా ఎవరూ పడలేదు. ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియకుండానే పోయినట్టుంది. పుస్తకంలో "మూలం తెలియలేదు" అని రాశాను.

నీ తమ్ముడు,
క్లిఫర్డ్


సాల్ట్‌హోమ్
15 జూలై 1951

ఒరేయ్ క్లిఫర్డ్,

చెప్పానా. నేను ముందే చెప్పానా లేదా.

ఇల్లు నిండిపోయింది. వరండాలో కూడా మంచం వేశాను. నిన్నటిదాకా క్రాగ్‌ఫోర్డ్ నుంచి ఒక నేతమిల్లు కుటుంబం ఉండి వెళ్ళింది. వాళ్ళకి పాలీన్ అని అయిదేళ్ళ పిల్ల. సముద్రం చూడ్డానికి వచ్చి వారమంతా నా వంటింట్లోనే గడిపింది. నేను కస్టర్డ్ తిప్పుతుంటే పక్కన పీట మీద నిలబడి గిన్నె తనకే వదలాలని ముందే మాట తీసుకునేది. వేలితో గీసి గీసి నాకేది. వాళ్ళమ్మ అరిస్తే "ఆంటీ ఒప్పుకుంది" అని నా వెనక దాక్కునేది. వెళ్ళేటప్పుడు నా ఏప్రను పట్టుకుని వదల్లేదు. నాకూ వాల్టర్‌కీ ఆ పది నెలల్లో ఒక పిల్ల పుట్టుంటే అని మొదటిసారి అనుకున్నాను. ముసలితనం వస్తోంది కాబోలు.

మిసెస్ బ్రియర్లీ మీద జాలేస్తోందని రాశావు. నాకూ వేస్తోంది. కానీ ఆ గుడ్డ నేను చూశాను.

డొక్క నొప్పి రోజూ ఉంటోంది. ఆగస్టు దాటాక డాక్టరుకి చూపించుకుంటాను.

నీ అక్క,
హెట్టీ


ఆష్‌గిల్
8 ఆగస్టు 1951

అక్కా,

నిన్న క్రాగ్‌ఫోర్డ్ హెల్త్ ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. అయిదేళ్ళ ఆడపిల్ల, పేరు పాలీన్. టైఫాయిడ్. పది రోజులు ఫ్లూ అనుకున్నారట, మొన్న ఆస్పత్రిలో చేర్చారు. జూలై రెండో వారం ఎక్కడున్నారని అడిగితే నీ ఇంటి అడ్రసిచ్చారు. వాళ్ళ నాన్న కూడా జబ్బుపడ్డాడు.

ఉత్తరం చదివాక నేను జూన్‌లో నీకు రాసిన ఉత్తరం ఎలా రాశానో గుర్తుచేసుకున్నాను. నీకు కష్టంగా ఉంటుందని అసలు మాట దాటేశాను. ఇప్పుడు రాస్తున్నాను. ఈ జ్వరం వచ్చి తగ్గినవాళ్ళలో కొంతమందికి ఆ క్రిమి లోపలే ఉండిపోతుంది. ఏళ్ళు, ఒక్కోసారి జీవితాంతం. వాళ్ళకి ఏమీ చెయ్యదు. ఎంత శుభ్రంగా ఉన్నా చేతుల మీదికి వస్తుంది, చేతుల నుంచి తిండిలోకి పోతుంది. చాలామందికి పసరుతిత్తిలో ఉంటుంది. కుడి డొక్కలో నొప్పి వస్తుంది.

అక్కా, ఆ మూడు సీసాలూ నీవేనా?

వెంటనే రాయి. అందాకా ఎవరికీ ఏదీ వండకు. మిసెస్ లమ్లీకి టీ కూడా పెట్టకు.

క్లిఫర్డ్


సాల్ట్‌హోమ్
10 ఆగస్టు 1951

క్లిఫర్డ్,

నావి కావు. మిసెస్ లమ్లీవి.

నువ్వు ఇంట్లో దోషం లేదని చూడ్డానికి అని రాశావు. ఇంటి పరీక్ష అన్నాక ఇంట్లో ఎవరిదైతే ఏం అనుకున్నాను. ఆవిడా ఈ ఇంటి తిండే తింటోంది, ఈ ఇంటి నీళ్ళే తాగుతోంది. ఇల్లు శుభ్రంగా ఉంటే జబ్బు ఉండదు, మురికి ఉంటే ఉంటుంది, నాకు తెలిసింది అంతే. నీ చేత ఎర్రగా కందేదాకా మెడ రుద్దించింది ఎందుకనుకున్నావు?

ఇది సగం నిజం. మిగతా సగం కూడా రాస్తాను. నేను ఆ సీసా చేత్తో పట్టుకోలేకపోయాను. మూడు రోజులు డబ్బా గుడ్డలో చుట్టి పరుపు కింద దాచాను. నా మలం మునిసిపాలిటీ వాళ్ళు, అందులోనూ నా తమ్ముడు పనిచేసే చోట, బల్ల మీద పెట్టి చూస్తారా అని ఏడ్చాను. మిసెస్ లమ్లీ "దానికేముందమ్మా, నేనిస్తాను" అని నవ్వింది. ఆవిడ జన్మలో నాకు చేసిన సాయం అదొక్కటే.

పాలీన్ ఎలా ఉంది? ఆ పిల్ల ఆస్పత్రికి ఏమైనా పంపవచ్చా? బొమ్మ కొని పంపుతాను, నేను చేసింది కాదు, కొట్లోదే.

అతిథులందరినీ పంపించేశాను. పైపు పగిలిందని చెప్పాను.

హెట్టీ


ఆష్‌గిల్
25 ఆగస్టు 1951

అక్కా,

మీ ఊరి ఆఫీసరు దగ్గరుండి తీసుకున్న పరీక్షల ఫలితం నీకు వాళ్ళే చెప్పి ఉంటారు. నాకు నిన్న తెలిసింది. మూడింటిలోనూ ఉంది.

పాలీన్ పదహారో తారీకున పోయింది. పేగుకి చిల్లు పడింది. వాళ్ళ నాన్న బతికాడు. నేను వెళ్ళొచ్చాను. వెళ్ళమని నాకెవరూ చెప్పలేదు. వాళ్ళమ్మ తలుపు తీసి "మీరు ఏ ఆఫీసు?" అని అడిగింది. చెప్పాను. "ఇంకా ఏం రాసుకోవాలి?" అంది. నువ్వు పంపిన బొమ్మ కాగితం విప్పకుండా బల్ల మీద ఉంది. అది ఎవరు పంపారో ఆవిడకి తెలియదు.

డాక్టర్ లీమింగ్‌కి అంతా చెప్పాను. సంతకం సంగతి కూడా. ఆయన తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. కళ్ళజోడు తీసి "నీ కాగితం కాబట్టి నేను చదవలేదు క్లిఫర్డ్" అన్నాడు. ఇకమీదట నేను ఎలుకలూ మురుగు కాలవలూ చూసుకోవాలి. నాకది తగినదే. నీ పరువు కాపాడబోయి నేనే ఆ పిల్లని నీ వంటింట్లోకి పంపాను. ఆ క్రిమి సంగతి నీకు తెలియదు, నాకు తెలుసు. నా తప్పు ముందు నీది తప్పే కాదు.

ఇక నువ్వు ఎవరికీ వండకూడదు. బోర్డింగ్ హౌసు తెరవనివ్వరు. మీ అంటురోగాల ఆస్పత్రిలో ఒక గది ఇస్తారు. పసరుతిత్తి తీసేస్తే పోవచ్చునంటున్నారు, పోకపోనూ వచ్చు. ఎన్నాళ్ళు ఉండాలో ఎవరూ చెప్పడం లేదు.

మిసెస్ బ్రియర్లీ ఇంటికి వెళ్ళాను. ఖాళీ చేసి కూతురి దగ్గరికి వెళ్ళిపోయిందట. ఆ కూతురు ఏ ఊళ్ళో ఉందో ఎవరికీ తెలియదు.

క్లిఫర్డ్


సాల్ట్‌హోమ్
1 సెప్టెంబరు 1951

క్లిఫర్డ్,

నీ తప్పు నువ్వు మోసుకో, నాది నాకు వదిలెయ్. చిన్నప్పుడు కూడా నా బుట్ట లాక్కుని మోస్తానని మారాం చేసేవాడివి.

ఇంట్లో పనేమీ లేదు. గిన్నెలు కడుగుతాను, ఆరాక మళ్ళీ కడుగుతాను. మిసెస్ లమ్లీ వెళ్ళిపోయింది. వెళ్ళేటప్పుడు నాతో చెయ్యి కలపలేదు. మిస్టర్ ఫిష్విక్ నేను పోస్టాఫీసులోకి వెళ్తే కిటికీ తెరుస్తాడు.

కూర్చుని వెనక్కి లెక్కపెట్టుకుంటున్నాను. 1938లో ఇక్కడ దిగిన ఒక గుమాస్తా ఇంటికెళ్ళాక జబ్బుపడ్డాడని కార్డు రాశాడు. యుద్ధం రోజుల్లో ఇద్దరు నర్సులు. వాళ్ళు బతికారో లేదో తెలియదు. అందరూ చివర్లో "మీ వంట మరిచిపోలేం" అనే రాశారు. అమ్మ నుంచి నాకు ముట్టింది ఈ జబ్బొక్కటేనన్నమాట.

ఇప్పుడు నేను అడిగేదానికి నిజం చెప్పు. 1928 రిజిస్టరు మీ ఆఫీసులోనే ఉంటుంది కదా. వాల్టర్ జ్వరం జేబెజ్ ఆల్చిప్పల వల్లేనా? బండి ఎత్తించిన రోజు మార్కెట్లో జేబెజ్ నా ముందు టోపీ తీసి "ఇంకెవ్వరికీ ఏం కాలేదమ్మా, ఊరంతా నా దగ్గర తిన్నారు" అని బతిమాలాడు. నేను అతని మొహం మీద ఉమ్మాను. రిజిస్టరు తీసి చూసి రాయి.

హెట్టీ


ఆష్‌గిల్
4 సెప్టెంబరు 1951

అక్కా,

రిజిస్టరు చూశాను. 1928 ఆగస్టు, సెప్టెంబరు పేజీలు. వాల్టర్ పేరుంది. ఆయనతో పాటు ఇంకో నలుగురున్నారు. నలుగురూ ఆ వారంలో జేబెజ్ బండి దగ్గర ఆల్చిప్పలు తిన్నవాళ్ళేనని పక్కన రాసి ఉంది. జేబెజ్‌కి తెలియక అలా అనుంటాడు. వాల్టర్‌ది నీ వల్ల కాదు. దాని గురించి ఇంక ఆలోచించకు.

వచ్చే మంగళవారం నిన్ను తీసుకెళ్ళే బండితో నేను కూడా వస్తాను. గుమ్మం ముందు కాకుండా వెనకవీధిలో ఆపమని చెప్పాను.

నీ తమ్ముడు,
క్లిఫర్డ్


సాల్ట్‌హోమ్
7 సెప్టెంబరు 1951

ఒరేయ్ తమ్ముడూ,

బండి ముందు గుమ్మం దగ్గరే ఆపమను. వెనకవీధులు ఇంక చాలు నాకు.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నువ్వు ఎంత మంచివాడివో నాకు తెలుసు. నిన్ను పెంచింది నేనే. కానీ నీకు అబద్ధం ఆడటం ఏడేళ్ళప్పుడూ రాలేదు, ఇప్పుడూ రాదు. చూడనిది రాయనన్న మనిషివి, నాకోసం ఇది రెండోసారి.

ఎవరికీ చెప్పని మాట ఒకటి చెబుతాను. వాల్టర్‌కి ఆల్చిప్పలు పడవు. వాటిని చూస్తేనే మొహం తిప్పుకునేవాడు. జబ్బుపడక ముందు ఒకరోజు మార్కెట్లో నాకు తినాలనిపిస్తే పొట్లం కొన్నాడు. గుండుసూదితో ఒక్కొక్కటీ తీసి నాకు పెట్టాడు. మొత్తం నేనే తిన్నాను. ఆయన ఒక్కటి కూడా నోట్లో పెట్టుకోలేదు.

డాక్టరు వచ్చి చూసి మొదట అడిగిన ప్రశ్న, "ఇంట్లో వంట ఎవరు చేస్తారు?" అని. నాకు తల కొట్టేసినట్టయింది. కొత్త కాపురం, కొత్త పొయ్యి, రోజుకి రెండుసార్లు తోముతున్నాను, నన్నా అడగడం? "మొన్న బండి మీద ఆల్చిప్పలు తిన్నాడు" అన్నాను. ఆయన తలూపి రాసుకున్నాడు. వాల్టర్ మంచం మీంచి నా వైపు చూశాడు. ఒళ్ళు కాలిపోతున్నా విన్నాడు. కాదని అనలేదు. నా పరువు పోనివ్వలేదు. తర్వాత నేను ఆ మాట అందరికీ చెప్పీ చెప్పీ చివరికి నేనే నమ్మేశాను. నమ్మకపోతే జేబెజ్ మొహం మీద ఉమ్మగలిగేదాన్నా?

ఆ పది నెలలూ ఆయన తిన్నదంతా నా చేతిదే. ఆఖరి పదిహేను రోజులూ ఆస్పత్రికి వద్దని ఇంట్లోనే ఉంచుకుని చెంచాతో గంజి పట్టాను. "నీ చేత్తో పెడితే లోపలికి పోతుంది హెట్టీ" అనేవాడు.

మంగళవారం రా. ఏమైనా తేవాలనుకుంటే మేబెల్ చేత్తో చేసింది తీసుకురా, తనని నేను ఇంకెప్పుడూ ఏమీ అనను. నా తెల్ల గిన్నె మాత్రం తేవద్దు, పగలగొట్టెయ్. జేబెజ్ వాళ్ళవాళ్ళు ఎవరైనా మిగిలుంటే వెతికి, మీవాడు చెప్పింది నిజమేనని చెప్పు. మిసెస్ బ్రియర్లీని కూడా వెతుకు. ఎలుకలూ కాలవలూ రెండు రోజులు ఆగుతాయి.

నాకోసం పుట్టించిన ఆ నలుగురినీ కొట్టెయ్యి. ఆ పేజీలో ఉన్నది వాల్టర్ ఒక్కడే.

నీ అక్క